చూరునీళ్ళ జాగా

మా వైపు పల్లెల్లో ఇంటి హద్దు గోడతో ఆగదు. వాన కురిసినప్పుడు చూరునీళ్ళు ఎక్కడ పడతాయో అక్కడిదాకా ఆ ఇంటిదే. నా చూరునీళ్ళు పక్కవాడి జాగాలో పడకూడదు, పక్కవాడివి నా జాగాలో పడకూడదు. అనకాపల్లి చుట్టుపక్కల ఈ ఒక్క సంగతి మీద జరిగిన తగాదాలు విలేకరిగా చాలానే చూశాను. కర్రలు లేచిన చోట్లు కూడా ఉన్నాయి. నాకు అప్పట్లో అవి రెండేసి పేరాల వార్తలు. అసలు ఆ జాగా ఎందుకు వదులుతారో తెలియడానికి ఉద్యోగంలో సగం వయసు గడిచిపోయింది. దాన్ని పోగొట్టడంలో నా చెయ్యీ ఉందని తెలియడానికి మాత్రం ఆ తర్వాత రెండు వానాకాలాలే పట్టాయి.

అనకాపల్లి జిల్లా కేంద్రమైన కొత్తలో, పేదల ఇళ్ళ పనులు చూసే ఇంజనీరుగా నా స్నేహితుడు బదిలీ మీద సొంత ఊరికి వచ్చాడు. ఇద్దరం ఒకే వీధిలో పెరిగాం. చుట్టరికం ఏమీ లేదు. అయినా చిన్నప్పటి నుంచీ 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళం. వచ్చిన వారం తిరక్కుండానే బెల్లం మార్కెట్ దగ్గర టీ కొట్టులో నన్ను కూర్చోబెట్టి, బల్ల మీద ఒక ప్లాను కాగితం పరిచాడు.

"ఇది సూడు బావా. పూడిమడకలో సముద్రం పక్కన ఇదే ఇల్లు. రావికమతం చెరుకు పొలాల్లో ఇదే ఇల్లు. రోలుగుంట కొండ కింద కూడా ఇదే ఇల్లు. ఎక్కడో ఏసీ గదిలో కూచుని గీసేరు. ఈళ్ళకి ఉప్పు గాలి తెలీదు, కొండ వాన తెలీదు."

"తెలిసినోడివి నువ్వేటి సేత్తావు?" అన్నాను, ఆటపట్టిస్తూ.

"సేత్తాను. రూల్సుని మన నేలకి తగ్గట్టు మార్చి పంపుకోవచ్చని పైనుంచే కాగితం వచ్చింది. ఎవడూ చదవలేదు. నేను చదివేను. చిన్న పుస్తకం వేద్దాం బావా, మేస్త్రీలకి అర్థమయ్యే తెలుగులో. పైన సంతకం పడితే అందులో నియమాలే రూలు. లెక్కలు నావి, రాత నీది."

నేను పొద్దున రాసింది సాయంత్రానికి పాతబడిపోయే పనిలో బతికినవాణ్ణి. నా వాక్యం చదివి ఎవరో ఒక గోడ ఎక్కడ లేపాలో నిర్ణయించుకుంటారంటే, ఆ టీ కొట్టులోనే నాకు కాస్త ఛాతీ ఉబ్బింది. దాచుకోను.

ఆ ఏడాది ఆదివారాలన్నీ అతని బండి వెనక కూర్చుని తిరిగాను. పూడిమడకలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ, తన తలుపు బందు పట్టుకుని లాగి మాకు చూపించింది. బందు ఆమె చేతిలోకి వచ్చేసింది. "మూడోది బాబూ ఇది. తలుపు కంటే బందులే ఎక్కువ కొన్నాం" అని నవ్వింది. ఆమె ఇంటి శ్లాబు అడుగున సిమెంటు పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన కడ్డీలు పక్కటెముకల్లా కనబడుతున్నాయి. నా స్నేహితుడు స్టూలెక్కి వాటిని వేలితో తడిమి, కడ్డీ మీద సిమెంటు ఎంత మందం ఉండాలో, ఇసుకను మంచినీళ్ళతో ఎన్నిసార్లు కడగాలో అక్కడికక్కడే రాసుకున్నాడు. అది మొదటి భాగం. చెరుకు పొలాల నేల తడికి ఉబ్బి ఎండకి పగులుతుంది. అక్కడ పునాది ఎంత లోతుకి పోవాలన్నది రెండో భాగం. మూడోది కొండ.

రోలుగుంట దాటాక, కొండ వాలులో పది పదిహేను గడపల చిన్న ఊరు ఒకటి ఉంది. మెట్ట పొలాలు చేసుకునే కొండవాళ్ళు. వాళ్ళందరికీ కొండ కింద కొత్త లేఅవుటులో జాగాలు ఇచ్చారు. ఆ ఊళ్ళో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడని, చుట్టుపక్కల రాతి పని అంతా అతనిదేనని విని వెళ్ళాం.

మేం వెళ్ళేసరికి మేస్త్రి ఎవరికో కొత్త ఇల్లు కొలిచే పనిలో ఉన్నాడు. నా స్నేహితుడు గోడల గురించి ఏదో అడిగాడు. మేస్త్రి వినిపించుకోలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి, జాగాకి పై వైపున నేల మీద వంచి, గొంతుకూర్చున్నాడు. నీళ్ళు కాసేపు తచ్చాడి, ఒక పాయగా చీలి, పక్కకి తిరిగి దిగాయి.

"ముందు దాన్ని ఎల్లనియ్యండి బాబూ. అదెటెల్తాదో సూసి అప్పుడు మనం మాటాడుకుందాం" అన్నాడు.

ఆ రోజంతా అతని వెనకే తిరిగాం. ప్రతి ఇంటి వెనకా మూడడుగుల జాగా. అడుగున రాళ్ళు పరిచి ఉంది. చూరు మీంచి జారిన నీళ్ళు, కొండ మీంచి దిగిన నీళ్ళు రెండూ అందులోనే పడి, ఇంటిని చుట్టుకుని కిందకి పోతాయి.

"సూరునీళ్ళ జాగా అంటే తగువులాడుకోడానికి వదిలింది అనుకుంటారు మీ పట్నపోళ్ళు. తగువులు తరవాత వచ్చేయి. కొండకి దారి కావాలి గదా బాబూ? అదొచ్చే దారిలో మనం ఈపు ఆనించి కూకుంటే ఎలాగ?"

నా స్నేహితుడి కళ్ళు మెరిశాయి. "అర్థమైందా బావా? శ్లాబుకి చూరు లేదు. చూరు లేదు కాబట్టి చూరునీళ్ళ జాగా అక్కర్లేదనుకున్నారు. చిన్న జాగాలకి వెనక ఖాళీ వదలనక్కర్లేదని రూలు రాసి పడేసేరు. ఇదొక్కటి మారిస్తే చాలు, నా ఉద్యోగం సార్థకం."

అప్పుడతను అబద్ధం చెబుతున్నాడని నేను ఇప్పటికీ అనుకోను.

మేస్త్రికి ఒక్కతే కూతురు. లేఅవుటులో చీటీ తీస్తే ఆమెకి పై వరసలో, సరిగ్గా కొండని నిలువుగా కోసిన గట్టు కిందే జాగా వచ్చింది. కింది వరసలో ఒకతను, తన మెట్ట పొలానికి దగ్గరవుతుందని జాగా మార్చుకుంటానన్నాడు. ఆమె సరే అనేసింది కూడా. మేస్త్రి మాత్రం ఆమెని మా ముందుకు తీసుకొచ్చి అడిగాడు.

"బాబూ, మా గుంటకి, ఈ పిల్లకి, పై వరస వచ్చింది. మార్చేసుకోమంటారా?"

"ఎందుకు మామా? పై వరసయితే గాలి బాగుంటాది. ఎనక మూడడుగులు వదలాల్సిందేనని రూలు వత్తంది. నేను రాయిత్తన్నాను" అన్నాడు నా స్నేహితుడు.

మేస్త్రి సంచిలోంచి తూకంగుండు తీశాడు. గోడ నిలువు చూడటానికి దారానికి కట్టి వేలాడేసే ఇత్తడి గుండు అది. దసరాకి పనిముట్లన్నీ కడిగి బొట్టు పెట్టేటప్పుడు ముందు దానికే పెడతారు. మా వైపు మేస్త్రీలు దాన్ని ముట్టుకుని మాటిస్తే తప్పరు.

"ఇది ముట్టుకుని సెప్పు బాబూ."

అతను ముట్టుకున్నాడు. నవ్వుతూనే, కానీ గట్టిగానే పట్టుకున్నాడు.

కూతురు వెనక నుంచి సణిగింది. "రూలు వచ్చినాక మార్చుకోడం మానేద్దాం నానా. రాకముందే ఎందుకు? ఆ కింద వరసోడు నీకోసం కూకుంటాడేటి?"

"ఓసి, ఇంజినీరు బాబు నా గుండు ముట్టుకున్నాడే. ఇంకేటి కావాలి నీకు?"

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఎవరూ అడగలేదు, నా అంతట నేనే చేశాను.

పుస్తకం రాయడానికి నెల పట్టింది. మూడో భాగంలో ఏడు నియమాలు. ఏడోది: కొండ దిగువ ఇళ్ళకు వెనక గోడకూ గట్టుకూ మధ్య మూడడుగుల జాగా తప్పక వదిలి, అడుగున రాయి పరచాలి. ఇదే సంగతిని ముందుమాటలో కథలా కూడా రాశాను. మేస్త్రి చెంబు నీళ్ళు వంచడంతో మొదలుపెట్టాను. పేపరు పనిలో నేర్చుకున్న మొదటి పాఠం అదే కదా, ఉన్నవాటిలో గట్టి సంగతి అన్నిటికంటే ముందు రావాలి.

రాతప్రతి తీసుకెళ్ళిన నా స్నేహితుడు పది రోజులకి తిరిగి తెచ్చాడు. ఏడో నియమం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, అక్కడి నుంచి ముందుమాట వైపు ఒక బాణం గీశాడు. పక్కన రాశాడు: 'అక్కడే అద్భుతంగా ఉంది. ఇక్కడ మళ్ళీ ఎందుకు?'

రెండో పాఠం కూడా పేపరులోనే, డెస్కులో వార్తలు దిద్దేటప్పుడు నేర్చుకున్నాను. చెప్పిందే చెప్పకూడదు. ఎర్ర సిరాతో ఎన్ని వందల వాక్యాలు ఆ నేరానికి కొట్టేశానో. ఏడో నియమాన్ని నేనే, నా పెన్నుతోనే కొట్టేశాను. 'అద్భుతంగా' అన్న మాటకి పొంగిపోయి, ముందుమాటను ఇంకాస్త చిక్కగా చేశాను.

పుస్తకం విడుదల సభ పెట్టారు. ఎండాకాలం. మేస్త్రికి శాలువా కప్పితే, తీసేస్తే ఎవరైనా ఏమనుకుంటారోనని చెమటలు కక్కుతూ సభ అయ్యేదాకా కప్పుకునే కూర్చున్నాడు. నా స్నేహితుడు మైకు ముందు ముందుమాటంతా చదివాడు. చెంబు నీళ్ళ దగ్గర హాలంతా చప్పట్లు. బయటికొచ్చాక మేస్త్రి నన్ను పక్కకి పిలిచి పుస్తకం చేతిలో పెట్టాడు. అతనికి చదువు రాదు.

"నా మాటెక్కడుందో సూపించు బాబూ."

మొదటి పేజీ తెరిచి చూపించాను. అరచెయ్యి పూర్తిగా దాని మీద ఆనించాడు.

"అన్నిటికంటే ముందే ఎట్టేరా!"

ఆ మర్నాటి పేపర్లో ఫొటోతో నా వార్త వచ్చింది. కింది వరస అతనికి, జాగా మార్చుకోవడం లేదని మేస్త్రి ఆ రోజే కబురు పంపాడట.

చెరుకు నరుకుళ్ళు అయిపోయాక పనులు మొదలయ్యాయి. ఒక పొద్దున్నే మేస్త్రి ఫోను చేశాడు. "బాబూ, మా గుంట ఇంటికి ముగ్గు పోసేరు. ఒకపాలి వచ్చి సూడు" అన్నాడు.

పునాది తవ్వడానికి నేల మీద ముగ్గుతో గీసిన గీతలు కనిపించాయి. వెనక గీత గట్టు మొదట్లో ఉంది. మధ్యలో నా చెయ్యి పట్టేంత ఎడం కూడా లేదు. లారీలు తిరగడానికి ఇళ్ళ ముందు రోడ్డు వెడల్పు చేశారట, అందుకని వరస మొత్తాన్ని వెనక్కి జరిపారు. పని చేయించే సూపర్‌వైజరును నేను గట్టిగానే అడిగాను. మూడడుగుల రూలు ఏమైందన్నాను. అతను నా మీద గొంతు పెంచలేదు. బండి సంచిలోంచి మా పుస్తకమే తీశాడు. బాగా నలిగి ఉంది, చదివినట్టే ఉంది.

"మూడో భాగంలో ఆరున్నాయి సార్. ఆరూ సేత్తన్నాం. మీరే సూడండి."

చూశాను. ఆరే ఉన్నాయి. వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. తర్వాత మొదటి పేజీ తెరిచి అతనికి చూపించబోయాను.

"అది ముందుమాట కద సార్," అన్నాడు మర్యాదగానే.

మేస్త్రి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ముందుమాట అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. నేను కూడా అప్పుడు చెప్పలేదు. ఆఫీసుకి వెళ్ళి కనుక్కుంటానని చెప్పి వచ్చేశాను.

నా స్నేహితుడు నన్ను చూడగానే టీ తెప్పించాడు. విషయం తెలుసు అతనికి.

"బావా, మూడడుగులు వదిలితే లేఅవుటు మళ్ళీ గియ్యాలి. ఆ వరసలో ఇళ్ళు తగ్గుతాయి. ఆ ఒక్క ఐటమ్ తీస్తేనే పుస్తకం మీద సంతకం పెడతామన్నారు పైన. తియ్యకపోతే మిగతావి కూడా పోతాయి. పూడిమడకలో ఇప్పుడు కడ్డీలకి మందంగా సిమెంటు పడతంది. అది మనం సేసిందే కదా?"

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే కొట్టేసేవాడివా?"

"కొట్టేసేవాణ్ణి కాదు. పేపర్లో రాసేవాణ్ణి."

"అందుకే సెప్పలేదు."

అంత తేలిగ్గా అన్నాడు. ఆ పెన్సిలు బాణం నా కళ్ళ ముందుకి వచ్చింది. నన్నెలా మెప్పించాలో, ఏ మాటంటే నా చెయ్యి దానంతటదే కదులుతుందో అతనికి ఒకే వీధిలో పెరిగినప్పటి నుంచీ తెలుసు. ఆ తెలిసినదాన్నే వాడుకున్నాడు.

"గుండు ముట్టుకున్నావు బావా."

"ముసలాయన ముట్టుకోమన్నాడు, ముట్టుకున్నాను. అప్పటికి నాకు మాత్రం తెలుసేటి? టీ తాగు, సల్లారిపోతంది."

"వస్తానండీ," అని లేచాను.

ఆ 'అండీ' విన్నప్పుడు మాత్రం అతను తలెత్తి చూశాడు. ఆ తర్వాత మేమెప్పుడూ ఒకరినొకరు బావా అని పిలుచుకోలేదు.

వార్త రాసి పంపాను. డెస్కు నుంచి ఫోను వచ్చింది. రూలు లేనప్పుడు రూలు తప్పారని ఎలా రాస్తాం అని అడిగారు. ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. వార్త రాలేదు. కింది వరస అతని దగ్గరికి మేస్త్రి వెళ్ళి అడిగాడట. అతను అప్పటికే గోడలు నడుమెత్తు లేపేశాడు. "ఇప్పుడెలాగ మామా?" అన్నాడట. అతని తప్పేముంది?

ఆ వానాకాలం ఎలాగో గడిచింది. గోడ వెనక వైపు చెమ్మ పట్టింది, అంతే. రెండో ఏడు సముద్రంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వదలని వాన. నాలుగో రోజు మధ్యాహ్నం కాస్త తెరిపి ఇస్తే, చెట్లు పడిన రోడ్డు మీద తిప్పలు పడుతూ రోలుగుంట వైపు వెళ్ళాను. ఇల్లు కూలి ఉంటుందనే భయంతో వెళ్ళాను.

కూలలేదు. గుమ్మం కింద నుంచి ఎర్రటి నీళ్ళు ధారగా వస్తున్నాయి. లోపలికి తొంగి చూసి అక్కడే నిలబడిపోయాను. వెనక గోడకి అడుగున మూడు చోట్ల ఇటుకలు ఊడదీసి కన్నాలు పెట్టారు. అక్కడి నుంచి గది మధ్యగా, గచ్చు పగలగొట్టి, జానెడు వెడల్పున కాలువ తవ్వి, రెండు పక్కలా రాయి పరిచారు. కొండనీళ్ళు వెనక కన్నాల్లోంచి వచ్చి, ఇల్లంతా దాటి, గుమ్మం కింద నుంచి రోడ్డు మీదకి పోతున్నాయి. కాలువకి ఈ పక్క మంచం, ఆ పక్క పొయ్యి.

బయట వదలని మూడడుగుల జాగాను మేస్త్రి ఇంట్లో వదిలాడు.

కూతురు పొయ్యి దగ్గర నుంచి నన్ను చూసింది. "ఏటి బాబూ, అలగ సూత్తన్నారు? మా ఇంట్లో ఏరుంది. మీ పట్నంలో ఉందేటి ఎవళికైనా?" అంది. టీ గ్లాసు పట్టుకుని, అలవాటైన అడుగుతో కాలువ దాటి వచ్చి ఇచ్చింది. నా కళ్ళలోకి చూడలేదు.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, మలుపు దగ్గర కదిలిన రాయిని సర్దుతున్నాడు.

"రెండో రోజు గోడ ఉబ్బీసింది బాబూ. ఇంకో గంట ఆగితే మా గుంట మీద పడిపోయేది. నీళ్ళని ఆపలేం గదా, రానిచ్చీసేను" అన్నాడు.

"ఇది రాస్తాను మేస్త్రీ. ఫొటో తీసి..."

"వద్దు." అంత ఖండితంగా అతను మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "సర్కారు ఇంటి గోడ పగలగొట్టేరని మా గుంట మీదకొత్తారు. అయినా నువ్వు రాసినా, మళ్ళీ ముందే ఎట్టేత్తావు."

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎప్పటి నుంచో చెప్పాలనుకుంటున్న మాట చెప్పాను. "ఆ ఏడో మాట కొట్టేసింది నేనే మేస్త్రీ. ఆయన బాణం గీశాడు. కొట్టింది మాత్రం నేనే."

"తెలుసు బాబూ. ఆ సూపర్‌వైజరు సెప్పేడు, రాతంతా పేపరు బాబుదేనని."

ఎన్నాళ్ళ నుంచి తెలుసో అడగలేదు. ఈ రెండేళ్ళలో పండుగకీ పబ్బానికీ నేను ఫోను చేసినప్పుడల్లా అతను బాగున్నానని చెబుతూనే ఉన్నాడు.

మేస్త్రి సంచిలోంచి దారం ఉండ తీసి, కాలువ వాలు చూడటానికి వెనక గోడ దగ్గరికి వెళ్ళాడు. తూకంగుండు ఆ దారానికి లేదు. సంచిలో కూడా నాకు కనబడలేదు. ఒక కొస నా చేతికి అందించి గుమ్మం వైపు చూపించాడు. నేను గుమ్మం దగ్గర గొంతుకూర్చుని, దారాన్ని రాతికి ఆనించి పట్టుకున్నాను. నీళ్ళు నా వేళ్ళని తాకుతూ పోతున్నాయి. ఏదో అనబోయాను.

"ఊరికే పట్టుకో బాబూ," అన్నాడు మేస్త్రి, నా వైపు తిరగకుండానే. "ఏటీ సెప్పకు. కదపకుండా పట్టుకో సాలు."

పట్టుకున్నాను.